వివరిస్తేగానీ నచ్చని బొమ్మ

మాస్టారు: ముందే చెప్పేస్తానమ్మా. బొమ్మ అన్నాక చూస్తే తెలియాలి. ఒకరు పక్కన నిలబడి అరగంట వివరిస్తేగానీ అందులో ఏముందో తెలియకపోతే, మనం మెచ్చుకుంటున్నది ఆ వివరించిన మనిషి మాటల్నే. పికాసో 1912లో చేసిన పేము కుర్చీ స్టిల్ లైఫ్‌నే తీసుకో. పేరు చెప్పకుండా పదిమందికి చూపించు. చుట్టూ తాడు కనిపిస్తుంది. పేము అల్లిక కనిపిస్తుంది. జె, ఓ, యు అని మూడు అక్షరాలు కనిపిస్తాయి. మిగిలినదంతా బూడిదరంగు ముక్కలూ గీతలూ. అందులో పైపు ఉందని, గ్లాసు ఉందని, కత్తి, నిమ్మచెక్క, ఆల్చిప్ప ఉన్నాయని పుస్తకం చూసి తెలుసుకోవాల్సిందే. చదివి తెలుసుకున్నదాన్ని చూసి ఆనందించాను అనడం నాకు చేతకాదు.

శిష్యురాలు: పేరు చెప్పకుండా చూపించమనే నేనూ అంటాను మాస్టారూ. ఆ పదిమందీ ముందుగా ఏం చూస్తారో మీరే చెప్పారు, పేము అల్లిక. బొమ్మంతటిలో అదొక్కటే అచ్చం నిజంలా ఉంది. నిజమేనా అని దగ్గరికి వెళ్తారు. వెళితే తెలుస్తుంది, అది కుర్చీలోంచి కోసిన పేమూ కాదు, కుంచెతో వేసిందీ కాదు. బజారులో దొరికే ఆయిల్ క్లాత్ ముక్క, దాని మీద యంత్రం అచ్చేసిన పేము అల్లిక. బొమ్మలో అన్నిటికన్నా నిజంలా ఉన్న చోట పికాసో చెయ్యి లేదు. ఆయన చెయ్యి ఉన్న చోట ఏదీ నిజంలా లేదు. ఈ సంగతి ఎవరి కంటికి వాళ్లకే దొరుకుతుంది. దీనికి పుస్తకం అక్కర్లేదు.

మాస్టారు: అది తెలివి. ఆ తెలివికి దణ్ణం పెడతాను. కానీ రసం ఎక్కడుందమ్మా? స్టిల్ లైఫ్ అంటే నాకు షార్డాన్. 1760 ప్రాంతంలో ఆయన వేసిన బొమ్మ ఒకటి అమెరికాలో పిట్స్‌బర్గ్ మ్యూజియంలో ఉంది. గాజుగ్లాసులో నీళ్లు, పక్కన మసిబారిన కాఫీ పాత్ర, ముందు వెల్లుల్లి. అంతకు మించి పెద్దగా ఏమీ లేదు. గ్లాసులో నీళ్లు ఎంతవరకు ఉన్నాయో, గాజు ఎక్కడ పలచనో, వెలుగు ఎటునుంచి వచ్చి ఎక్కడ ఆగిందో చూస్తూ ఉంటే సమయం తెలియదు. వెల్లుల్లి పొర చిట్లిన చోటు చూస్తే వేళ్లకు ఆ పొర తగిలినట్టుంటుంది. ఆ మనిషి ఆ వస్తువుల్ని ప్రేమించాడు. పికాసో తన గ్లాసును ప్రేమించాడా? పగలగొట్టి ముక్కలు పంచిపెట్టాడు.

శిష్యురాలు: షార్డాన్ దగ్గర నేను మీతో వాదించలేను. ఆ వెల్లుల్లి ముందు నేనూ ఆగిపోతాను. అయితే ఒక్క మాట అడగనివ్వండి. సెజాన్ మీకు ఇష్టమే కదా?

మాస్టారు: చాలా ఇష్టం.

శిష్యురాలు: షికాగోలో ఉన్న ఆయన యాపిల్ బుట్ట బొమ్మలో టేబుల్ అంచు చూశారుగా. గుడ్డకు ఎడమవైపు ఒక ఎత్తులో ఉంటుంది, కుడివైపు ఇంకో ఎత్తులో. ఆ రెండిటినీ స్కేలుతో కలపబోతే కలవవు. సీసా ఒక పక్కకు ఒరిగి ఉంటుంది. మీ క్లాసులో నేను అలా గీసుంటే చెరిపించేవారు. మరి సెజాన్‌కు ఎందుకు ఒప్పుకున్నారు?

మాస్టారు: ఆ టేబుల్ అలా ఒరిగినందువల్లే యాపిళ్లకు బరువొచ్చింది. ఆయన అంచును విరిచింది పండు కోసం. పండు పండుగానే మిగిలింది. సెజాన్ దాకా నేను వస్తాను, నాకేమీ అడ్డులేదు.

శిష్యురాలు: పికాసోతో కలిసి క్యూబిజం మొదలుపెట్టిన బ్రాక్ కూడా అక్కడినుంచే బయల్దేరాడండీ. 1906లో సెజాన్ పోయాడు. మరుసటి ఏడాది పారిస్‌లో ఆయన బొమ్మలు చేర్చి పెద్ద ప్రదర్శన పెట్టారు. అది చూసినవాళ్లలో బ్రాక్, పికాసో ఇద్దరూ ఉన్నారు. టేబుల్ అంచు ఒకచోట విరగొచ్చంటే గ్లాసు అంచు ఎందుకు విరగకూడదు, గ్లాసుకూ దాని వెనకున్న గోడకూ మధ్య గీత ఎందుకు తెగకూడదు అని వాళ్లు అడిగారు. మీరు ఒప్పుకున్న చోటునుంచి మీరు ఒప్పుకోని చోటుకు అడుగు అడుగునా దారి ఉంది. ఏ అడుగు దగ్గర ఆగాలో మీరు చెప్పండి.

మాస్టారు: చెప్తాను. వస్తువు పోయిన చోట. 1911 వేసవిలో వాళ్లిద్దరూ సెరెట్ అనే ఊళ్లో పక్కపక్కన కూర్చుని వేసిన బొమ్మలున్నాయి. ఇద్దరిలో ఏది ఎవరిదో పండితులే తడబడతారు. కొన్నాళ్లపాటు కాన్వాసు ముందువైపు సంతకాలు కూడా మానేశారు. అన్నిట్లో అదే గోధుమరంగు, అదే బూడిదరంగు. సీసా అయినా మనిషయినా ఒకే రకం పలకలు. చేతిని బట్టి చిత్రకారుణ్ణీ, ఆకారాన్ని బట్టి వస్తువునూ గుర్తుపట్టలేనప్పుడు ఇక నేను దేన్ని మెచ్చుకోను? ఇంకో సంగతి విను. వాళ్ల బొమ్మలు అమ్మిన కాన్‌వైలరే, ఇలాంటి బొమ్మలకు ‘సీసా, గ్లాసు’ అని వస్తువుల పేర్లు తప్పకుండా పెట్టాలని, ఆ పేరు చూసేవాళ్లకు సాయపడుతుందని తన పుస్తకంలో రాశాడు. పేరు లేనిదే బొమ్మ నిలబడదని సాక్షాత్తూ అమ్మినవాడే ఒప్పుకున్నట్టు కాదా?

శిష్యురాలు: ఒప్పుకున్నట్టే. ఆ ఏడాది బొమ్మల విషయంలో మీ ఫిర్యాదు నాకు తీసిపారేసేది కాదు. నాకూ వాటి ముందు చాలాసార్లు ఊపిరాడదు. అయితే ఆ ఫిర్యాదు మీకన్నా ముందు వాళ్లకే తట్టిందండీ. అదే 1911లో బ్రాక్ స్టెన్సిల్ అక్షరాలు తెచ్చి కాన్వాసు మీద దింపాడు. తర్వాత దువ్వెనలాంటి పనిముట్టుతో తడి రంగును గీరి కొయ్య చార తెప్పించాడు. ఆ తర్వాత ఆయిల్ క్లాత్ వచ్చింది, గోడకాగితం వచ్చింది. వస్తువు చేజారిపోతోందని తెలిసి, దాన్ని మళ్లీ పట్టి తేవడానికి వాళ్లు పడ్డ పాట్లివన్నీ. అందుకే 1912 బొమ్మలంటే నాకు అంత ఇష్టం. అంచుదాకా వెళ్లి వెనక్కి తిరిగినవాళ్లు చేసిన బొమ్మలవి.

మాస్టారు: దువ్వెన సంగతి నాకు తెలుసు. బ్రాక్ తండ్రీ తాతా ఇళ్లకు రంగులు వేసే పనివాళ్లు. చవక కొయ్యను ఖరీదైన కొయ్యలా, గోడను పాలరాయిలా కనిపించేలా రంగులు వేయడం ఆయన చిన్నప్పుడే నేర్చుకున్నాడు. అందుకే ఆయనంటే నాకు గౌరవం. చేతిపని తెలిసినవాడు. బాసెల్‌లో ఉన్న ఆయన వయొలిన్, కూజా బొమ్మ 1910 నాటిది. అందులో పైన ఒక మేకు ఉంది. మేకూ, దాని నీడా అచ్చం నిజంలా వేశాడు. కింద వయొలిన్ మాత్రం తునాతునకలు. ఆ మేకును చూసినప్పుడల్లా నాకు బాధేస్తుంది. ఇంత బాగా వేయగలిగినవాడు వయొలిన్‌కు ఆ భాగ్యం ఎందుకివ్వలేదు?

శిష్యురాలు: ఆ మేకు నాకు వేరేగా కనిపిస్తుంది. మేకు ఒక్కచోట నిలిచి చూసే వస్తువు. వయొలిన్ అలా కాదు. చేతిలోకి తీసుకుంటాం, తిప్పుతాం, గడ్డం కింద పెడతాం, తీగ సవరిస్తాం. దాని నడుము వంపు వేలికి తెలుస్తుంది, పైనున్న చుట్టు కంటికి తెలుస్తుంది. బ్రాక్ ఇంట్లో సంగీత వాద్యాలు ఉండేవి, వాటిని ముట్టుకుంటే ప్రాణం లేస్తుందన్నంత ఇష్టంగా వేశాడు. ముట్టుకుని తెలుసుకున్న వస్తువును దూరంగా నిలబడి చూసినట్టు వేస్తే సగం అబద్ధం అవుతుందని ఆయనకు అనిపించింది. మేకు దగ్గర ఆ ఇబ్బంది లేదు. అందుకే మేకును మేకులా వేశాడు.

మాస్టారు: ఇది బాగుంది. కానీ ఇదీ నువ్వు చెప్తేనే నాకు తెలిసింది. మళ్లీ మొదటికే వచ్చాం.

శిష్యురాలు: ఆనందభైరవి ఆలాపన మొదటిసారి విన్నవాళ్లకు అందులో ఉన్నదంతా అందుతుందా మాస్టారూ? పదిసార్లు విన్నాక, పక్కన కూర్చున్న పెద్దవాళ్లు ఇదిగో ఇక్కడ చూడు అని చెయ్యెత్తి చూపాక, ఆ సంచారం చెవికి పడుతుంది. ఒకరు చెప్పగా వినడం నేర్చుకున్నాం కాబట్టి మన ఆనందం మనది కాకుండా పోయిందా?

మాస్టారు: పోలిక సరిపోదు. రాగం పేరు తెలియని పసిపిల్ల కూడా ఆ పాటకు నిద్రపోతుంది. లక్షణం తెలియకముందే అది లోపలికి వెళ్తుంది. తెలిశాక ఆనందం రెట్టింపవుతుంది, అంతే. నీ క్యూబిస్టు గ్లాసు దగ్గర ఆ మొదటి ఆనందమే లేదు. ఉన్న ఆనందాన్ని చదువు పెంచితే సంతోషమే. లేనిదాన్ని చదువు ఉందనిపిస్తే నాకు భయం.

శిష్యురాలు: ఆ భయం నాకూ ఉంది. అయితే మొదటి ఆనందం లేదన్న మాట ఒప్పుకోను. పేము కుర్చీ బొమ్మను పారిస్‌లో చూశాను. అచ్చులో చూసి పెద్దదనుకుంటాం గానీ ఎత్తు 29, వెడల్పు 37 సెంటీమీటర్లే, ఏ3 కాగితం కన్నా కాస్త చిన్నది. ఆకారం కోడిగుడ్డు చుట్టు. అంచంతా నిజం తాడు. ఫొటోలో ఆ తాడు బొమ్మలో భాగమైపోతుంది. ఎదురుగా అది తాడే, దాని కింద నీడ పడుతుంది, పీచు కనిపిస్తుంది. ఆ తాడు ఫ్రేమా, కాఫీ హోటల్లో గుండ్రటి టేబుల్ అంచా అన్నది కళ్లు తేల్చుకోలేవు. ఫ్రేమనుకుంటే బొమ్మ గోడకు వేలాడుతోంది, నేను ఎదురుగా నిలబడ్డాను. టేబుల్ అంచనుకుంటే నేను పైనుంచి వంగి చూస్తున్నాను, గాజు పలక కింద కుర్చీ కనిపిస్తోంది. ఈ రెండూ మారి మారి వస్తాయి. ఆ పేము మీదికి కూడా రంగు పాకింది, కాబట్టి అది అడుగున ఉందో పైన ఉందో కూడా స్థిరంగా ఉండదు. ఇదంతా పుస్తకం చెప్పలేదు, నా కాళ్లు ముందుకూ వెనక్కూ కదిలి తెలుసుకున్నాయి. నాకు అందులో సంతోషం కలిగింది, ఒళ్లంతా మేలుకున్నట్టుండే సంతోషం.

మాస్టారు: అది ఎదురుగా చూసినవాళ్ల భాగ్యం. మన పిల్లలకు దొరికేది అచ్చులో, ఫోన్‌లో. తాడు తాడుగా కనిపించని చోట ఈ బొమ్మ సగం చచ్చిపోతుందని నువ్వే చెప్తున్నావు. షార్డాన్ అచ్చులో కూడా బతుకుతాడు.

శిష్యురాలు: నిజమే. అది ఈ బొమ్మలకున్న లోటు. ఒప్పుకుంటున్నాను.

మాస్టారు: ఇంకొకటి కూడా ఒప్పుకో. అన్ని దిక్కులనుంచీ ఒకేసారి చూపించారని, నాలుగో కొలత అని, ఐన్‌స్టీన్ అని చెప్తారే, అదంతా తర్వాత కట్టిన కథ. నేను ఆ బొమ్మల్లో వయొలిన్ వెనకభాగం కోసం వెతికాను. ఎక్కడుంది?

శిష్యురాలు: లేదండీ. చాలా బొమ్మల్లో ముందువైపే ఉంటుంది. గ్లాసుకు పైనుంచి కనిపించే గుండ్రటి అంచూ, పక్కనుంచి కనిపించే నిలువు గీతా కలుస్తాయి, అంతవరకే. అన్ని దిక్కులూ అన్నది పాఠ్యపుస్తకం మాట. సాపేక్ష సిద్ధాంతం జనం నోళ్లలో పడింది 1919 తర్వాత, అప్పటికి ఈ బొమ్మలన్నీ అయిపోయాయి. ఆ కథల్ని పక్కన పెట్టి చూస్తేనే ఈ బొమ్మలు బాగుంటాయని నా అభిప్రాయం. కానీ మాస్టారూ, మీరు సరైన గీత అంటున్నది మాత్రం ఎక్కడిది? చెంబును కిటికీ పక్కన పెట్టి, ఒక కన్ను మూసి, పెన్సిల్ చాచి కొలత తీసుకుని, కంటి మట్టం గీసి, నీడ వేయడం మీరు నాకు నేర్పారు. మీకు మీ గురువులు నేర్పారు. ఆ పద్ధతి మద్రాసులో 1850లో డాక్టర్ అలెగ్జాండర్ హంటర్ పెట్టిన స్కూల్ ఆఫ్ ఆర్ట్స్ లాంటి చోట్లనుంచి మన డ్రాయింగ్ పరీక్షల్లోకి వచ్చింది. అదీ చూసి నేర్చుకున్నదే, ఒకరు వివరిస్తే అలవాటైనదే. పుట్టుకతో వచ్చిన చూపేమీ కాదు.

మాస్టారు: ఆ దెబ్బ తగిలింది. ఒంటికన్నుతో, కదలకుండా చూడటం మనిషి సహజ చూపు కాదని ఒప్పుకుంటాను. నేను చెంబు చుట్టూ తిరిగినవాణ్ణే. కానీ ఆ పద్ధతి ఎక్కడినుంచి వచ్చినా, దానితో వేసిన చెంబును ఆ పద్ధతి తెలియనివాడు కూడా చెంబంటాడు. నేర్చుకోవాల్సింది వేసేవాడు, చూసేవాడు కాదు. క్యూబిజం ఆ బరువును చూసేవాడి నెత్తిన పెట్టింది. ఆ తేడా చిన్నది కాదు. ఆ మధ్య హువాన్ గ్రిస్ 1915లో వేసిన గళ్ల టేబుల్ గుడ్డ బొమ్మలో ఎద్దు తల దాగుందని న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియం వాళ్లు చెప్పారు. కాఫీ కప్పు మూతి, సీసా చెవి అట. అది విన్నాక ఆ బొమ్మను ఎద్దు తల లేకుండా చూడలేకపోతున్నాను. ద్రాక్షపళ్లు పోయాయి, గళ్లగుడ్డ పోయింది. పొడుపుకథ విప్పేశాక ఇక మిగిలేదేముంది?

శిష్యురాలు: ఎద్దు తల దగ్గర నేను మీ పక్షమే. బొమ్మలో దాగున్నది కనిపెట్టడమే రసాస్వాదన అని మా తరం వాళ్లు కొందరు పొరబడ్డారు. బొమ్మను విప్పి పక్కన పెట్టేయడం చూడటం కాదు. గ్రిస్ బొమ్మలో నాకు కావాల్సింది ఆ నలుపు, ఆ పచ్చ, ఆ గళ్లు ఒకదాన్నొకటి నెట్టుకుంటూ నిలబడిన తీరు.

మాస్టారు: మరి ఆ బొమ్మల ధరలు? కోట్లు పోసి కొంటున్నారు కాబట్టి గొప్పవేననే మాట రోజూ వింటాను. రాజుగారి బట్టల ముందు నోరు మూసుకున్నట్టు అందరూ మెచ్చుకుంటారు.

శిష్యురాలు: ధర మాట వస్తే చరిత్ర మరోలా ఉందండీ. యుద్ధం రాగానే 1914లో కాన్‌వైలర్ జర్మన్ అని ఫ్రెంచి ప్రభుత్వం ఆయన సరుకంతా స్వాధీనం చేసుకుంది. 1921 నుంచి 1923 దాకా నాలుగు విడతలుగా వేలం వేసింది. మంచి బొమ్మలు నామమాత్రపు ధరకు పోయాయి. అప్పుడు ఆ బొమ్మల్ని మెచ్చుకుంటే ఎవరికీ ఒరిగేదేమీ లేదు, అయినా కొందరు మెచ్చుకున్నారు. పేము కుర్చీ బొమ్మనైతే పికాసో ఎవరికీ అమ్మలేదు. 1973లో పోయేదాకా తన దగ్గరే ఉంచుకున్నాడు. వారసత్వ పన్ను కింద 1979లో ప్రభుత్వానికి చేరింది. మెప్పు కోసం, డబ్బు కోసం చేసిన పని అంటే నేను నమ్మను.

మాస్టారు: అది నాకు తెలియదు. అమ్మకుండా ఉంచుకున్నాడన్నది నన్ను కొంచెం మెత్తబరిచింది. సరే, నా లెక్క చెప్తాను. 1912 సెప్టెంబరులో బ్రాక్ చేసిన పండ్ల గిన్నె, గ్లాసు బొమ్మ నాకు అందింది. అవిన్యోన్‌లో ఓ దుకాణంలో కొయ్య చారల గోడకాగితం కనిపిస్తే, పికాసో పారిస్ వెళ్లేదాకా ఆగి, అప్పుడు కొని అతికించాడట. పైన బొగ్గుతో ద్రాక్షగుత్తి. బొగ్గు గీత మెత్తగా ఉంది, కాగితం కొయ్య కానని ఒప్పుకుంటూనే కొయ్య పని చేస్తోంది. తండ్రి నేర్పిన పనిని అంగడిలో గజాల లెక్కన చూసి, దాన్ని అతికించి, దాని పక్కనే తన చేతి గీత గీశాడు. అక్కడ మనిషి కనిపించాడు. 1911 నాటివి నాకు అందలేదు. అందినట్టు నటించను.

శిష్యురాలు: నటించవద్దనే నేనూ అడిగేది. ఒక్క మనవి. మీ క్లాసులో ఈ రెండు బొమ్మలు పక్కపక్కన పెట్టండి, షార్డాన్ గ్లాసు, బ్రాక్ గ్లాసు. పేర్లు, సంవత్సరాలు, ధరలు ఏవీ చెప్పొద్దు. పీరియడంతా చూడనిచ్చి ఏం కనిపించిందో రాయమనండి.

మాస్టారు: పెడతాను. గ్లాసు మూతి సరిగ్గా గీయడం వచ్చినవాళ్లకే పెడతాను. గీయడం రానివాళ్లకు చూపిస్తే, రాని గీతకు క్యూబిజమని పేరు పెట్టుకుని తప్పించుకుంటారు. అలాంటి పిల్లల్ని చాలామందిని చూశాను.

శిష్యురాలు: గీయడం రాకముందే చూపించండి మాస్టారూ. గ్లాసు మూతి ఒకే ఒక్క తీరుగా ఉంటుందని వాళ్ల చెయ్యి నమ్మేశాక, రెండో గ్లాసును చూడమన్నా చూడరు.